మార్కెట్‌ను కొందరే గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేయడం ఎలా

ఒడిశా సరిహద్దులోని మా పట్టణంలో నేను మందుల స్టాకిస్టు (కంపెనీ నుంచి కొని దుకాణాలకు టోకున అమ్మే) వ్యాపారం పెట్టాలనుకున్నప్పుడు డ్రగ్ లైసెన్స్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, గోదాము అద్దె ఒప్పందం, అన్నీ సిద్ధం చేసుకున్నాను. కంపెనీ నుంచి వచ్చిన ప్రతినిధి కాగితాలన్నీ తిరగేసి, చివరికి "సంఘం ఎన్‌ఓసీ ఏదండీ?" అని అడిగాడు. స్థానిక మందుల వ్యాపారుల సంఘం ఇచ్చే 'అభ్యంతరం లేదు' అనే ఉత్తరం అది. అటువంటి కాగితం కావాలని ఏ చట్టమూ చెప్పదు. సంఘం పెద్దాయన దగ్గరకు వెళితే ఆయన నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, "నువ్వు మనవాడివే నాయనా, కాదనను. కానీ ఉన్న ఇద్దరు స్టాకిస్టులూ ఒప్పుకోకుండా మూడోవాడికి ఉత్తరం ఇచ్చే పద్ధతి మన దగ్గర లేదు" అని మెత్తగా చెప్పాడు. ఇదే ఎన్‌ఓసీ పద్ధతి మీద మన ఒడిశాలోని ఒక సీ అండ్ ఎఫ్ ఏజెంటు (కంపెనీ సరుకు నిల్వచేసి స్టాకిస్టులకు పంపే) సంస్థ అప్పటికే ఫిర్యాదు చేసిందని, 2013 ఫిబ్రవరిలో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ అయిన కాంపిటీషన్ కమిషన్ ఆ పద్ధతిని తప్పుపట్టి, అఖిల భారత స్థాయి మందుల వ్యాపారుల సంస్థకు రూ.47 లక్షలకు పైగా జరిమానా విధించిందని నాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు వ్యాపారమో సేద్యమో చేసుకుంటున్న మీకెవరికీ అలా ఏడాది వృథా కాకూడదని ఈ పని ఎలా చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందుగా చట్టం దేన్ని తప్పంటుందో స్పష్టంగా తెలుసుకోండి. 1969లో వచ్చిన ఎమ్మార్టీపీ (గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల) చట్టం సంస్థలు పెరిగిపోవడాన్నే అనుమానంతో చూసేది. దాని స్థానంలో వచ్చిన 2002 కాంపిటీషన్ చట్టం అలా చూడదు. ఒక వ్యాపారి పెద్దవాడు కావడం, ఊరంతటికీ ఒక్కడే కావడం ఈ చట్టం ప్రకారం తప్పు కాదు. ఆ బలాన్ని చూసుకుని ఇతరులను తొక్కడం తప్పు. పోటీ పడవలసిన నలుగురు ఒకటై ధరలు, సరుకు, ఊళ్లు పంచుకోవడం తప్పు. ఈ రెండింటినీ నిషేధించే 3, 4 సెక్షన్లు 2009 మే 20 నుంచి అమలులో ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ కదా, దాన్ని ఎవరు అడుగుతారని వెనకాడనవసరం లేదు. మహారాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ బొగ్గు సరఫరా షరతుల మీద చేసిన ఫిర్యాదు నుంచి మొదలైన వ్యవహారంలో, కోల్ ఇండియాకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తేల్చి చెప్పింది.

మొదటి మెట్టు: మీ బాధ ఏ కార్యాలయానికి చెందినదో తేల్చుకోవడం

చాలామంది ఇక్కడే పొరబడి డబ్బు, కాలం పోగొట్టుకుంటారు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నారంటే అది తూనికలు కొలతల శాఖ చూడవలసిన విషయం. కొన్న వస్తువు చెడిపోయినా, డబ్బు కట్టిన సేవ అందకపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అంతకుముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. మండీలో తూకం, కోతల తగాదా రెగ్యులేటెడ్ మార్కెట్ కమిటీ పరిధిలోనిది. యూరియా బస్తా కావాలంటే జింకు ప్యాకెట్టు కూడా తీసుకోవాలని డీలరు పట్టుబడితే మొదట వ్యవసాయ శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎందుకంటే డీలరు లైసెన్సు మీద చర్య తీసుకోగలిగింది ఆ శాఖే.

మరి కాంపిటీషన్ కమిషన్‌కు ఎప్పుడు వెళ్లాలి? మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: నా స్థానంలో మరొకరు ఉన్నా, రేపు కొత్తగా ఇంకొకరు ఈ వ్యాపారంలోకి వచ్చినా ఇదే జరుగుతుందా? అవుననే జవాబు వస్తే అది మీ ఒక్కరి తగాదా కాదు, మార్కెట్ నడుస్తున్న తీరులోనే ఉన్న దోషం. కమిషన్ చూసేది ఆ దోషాన్నే. మీ డబ్బు మీకు వాపసు ఇప్పించడం దాని పని కాదు. ఈ తేడా తెలియకుండా ఢిల్లీకి కాగితాలు పంపినవారు, ఇది వ్యక్తిగత వివాదమన్న ఒక్క పేరాతో ఫిర్యాదు ముగిసిపోయినప్పుడు ఎంతో నిరాశపడతారు.

రెండవ మెట్టు: జరిగింది కుమ్మక్కా, బలప్రయోగమా

మన వాడుకలో అన్నింటినీ కలిపి 'సిండికేట్ అయ్యారు' అంటాం. ఫిర్యాదులో మాత్రం విడదీసి చెప్పాలి. ఒకే స్థాయిలోని పోటీదారులు ధర కట్టుకోవడం, సరఫరా బిగించడం, ఊళ్లు పంచుకోవడం, టెండర్లలో రింగు కావడం 3వ సెక్షన్ 3వ ఉపవిభాగం కిందికి వస్తాయి. ఇటువంటి ఒప్పందం ఉందని చూపగలిగితే అది పోటీకి హాని చేసిందని చట్టమే భావిస్తుంది, అది అబద్ధమని చూపవలసిన భారం ఎదుటివారి మీద పడుతుంది. అమ్మకం ధర ఒక్కటే కాదు, కొనుగోలు ధర కట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుందని రైతులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గుణుపురం, మునిగుడ వైపు పత్తి పండించే రైతు దగ్గర కొనేవారంతా పొద్దున్నే ఫోన్లలో మాట్లాడుకుని ఇంతకు మించి ఎవరూ పెట్టకూడదని అనుకుంటే, అది సిమెంటు కంపెనీలు ధర పెంచుకున్నంత తప్పే.

కంపెనీకీ డీలరుకూ మధ్య ఉండే షరతులు, అంటే ఒక సరుకుతో మరొకటి అంటగట్టడం, మరొకరి సరుకు అమ్మకూడదనడం, ఇంతకంటే తక్కువకు అమ్మవద్దనడం, అదే 3వ సెక్షన్ 4వ ఉపవిభాగం కిందివి. వీటిలో హాని జరిగిందని మీరే చూపాలి. ఇక ఒకే సంస్థ తనకున్న ఆధిపత్యంతో అన్యాయమైన ధర వేయడం, పోటీదారును మార్కెట్‌లోకి రానీయకపోవడం, నష్టానికి అమ్మి ఎదుటివాడిని మూయించడం 4వ సెక్షన్ కిందికి వస్తాయి.

ధరలు ఒకేలా ఉన్నాయి కాబట్టి కుమ్మక్కే అని రాసేయకండి. ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం ఫుడ్ కార్పొరేషన్ 2009లో పిలిచిన టెండరులో మూడు కంపెనీలు కిలోకు రూ.388 అని ఒకే ధర వేశాయి. వాటి తయారీ ఖర్చులు వేరువేరు కాగా, కోట్ చేసిన ధర మాత్రం రూపాయి తేడా లేదు. కమిషన్ 2012లో జరిమానా వేసింది, కుమ్మక్కు జరిగిందన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2017లో సమర్థించింది. అదే సుప్రీంకోర్టు 2018లో వంటగ్యాస్ సిలిండర్ల తయారీదారుల కేసులో ధరలు దగ్గరగా ఉన్నా కుమ్మక్కు రుజువు కాలేదని జరిమానాలు కొట్టివేసింది, ఎందుకంటే అక్కడ కొనేవారు మూడే మూడు ప్రభుత్వ చమురు సంస్థలు, ఆ మార్కెట్ పరిస్థితుల్లో కుమ్మక్కు లేకుండానే ధరలు దగ్గరపడే అవకాశం ఉంది. కాబట్టి ఒకే ధరతో పాటు వారు కలిసి అనుకున్నారనడానికి ఇంకేదైనా, ఒక సమావేశమో, మెసేజో, మాట వినని వాడికి వేసిన శిక్షో, మీ దగ్గర ఉండాలి.

మూడవ మెట్టు: మీ మార్కెట్ హద్దులు గీయడం

ఏ సరుకు, ఏ ప్రాంతం అన్న ఈ రెండు ప్రశ్నలకు జవాబును చట్టం 'సంబంధిత మార్కెట్' అంటుంది. ముఖ్యంగా ఆధిపత్యం దుర్వినియోగమైందని చెప్పే ఫిర్యాదుకు ఇదే పునాది. సరిహద్దులో ఉన్న మనకు ఇది ఇతరులకంటే కష్టమైన మెట్టు. పర్లాకిమిడిలో ఇటుకల ధర పెంచితే కొనేవాడు పక్కనే ఉన్న పాతపట్నం నుంచి ట్రాక్టరు మీద తెప్పించుకుంటాడు. రాయగడలో వ్యాపారి బెట్టు చేస్తే పార్వతీపురం నుంచి సరుకు దిగుతుంది. అటువంటి సరుకుకు 'మా ఊరే మార్కెట్' అని రాస్తే ఎదుటి లాయరు ఒక్క రవాణా బిల్లు చూపించి మీ వాదన పడగొడతాడు. మందుల సంగతి వేరు. కంపెనీలు స్టాకిస్టులను రాష్ట్రం వారీగా, జిల్లా వారీగా నియమించుకుంటాయి, కాలం తీరిన మందులు వాపసు ఇచ్చేదీ ఆ స్టాకిస్టుకే. అందువల్ల సరిహద్దు అవతల సరుకు ఉన్నా ఇవతలి దుకాణదారుడికి అది నిజమైన ప్రత్యామ్నాయం కాకపోవచ్చు. మీ సరుకు ఈ రెండింటిలో దేనికి దగ్గరో నిజాయితీగా ఆలోచించండి. అవతలి నుంచి తెచ్చుకుంటే బస్తాకు లేదా పెట్టెకు ఎంత ఖర్చు పడుతుందో లెక్క వేసి, ఆ లెక్కను ఫిర్యాదులోనే పెట్టండి. ప్రతికూలంగా ఉన్న విషయాన్ని ముందే చెప్పి జవాబిచ్చిన ఫిర్యాదుకు విలువ ఎక్కువ.

నాలుగవ మెట్టు: గొడవ పడకముందే కాగితం సంపాదించడం

ఈ పని మొత్తంలో నాకు అన్నింటికంటే ముఖ్యమని తోచేది ఇదే. కోపం వచ్చిన రోజున మాట తూలితే, మరునాటి నుంచి ఎవరూ మీకు ఒక్క ముక్క కూడా రాసివ్వరు. నేను సంఘం పెద్దాయనతో వాదించలేదు. కంపెనీ డివిజన్ మేనేజరుకు మాత్రం ఒక ఈమెయిల్ పంపాను. నా దరఖాస్తు తేదీ, లైసెన్సు వివరాలు రాసి, నియామకం ఎందుకు ఆగిందో దయచేసి తెలియజేయండని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. పదకొండో రోజున జవాబు వచ్చింది: స్థానిక సంఘం నుంచి ఎన్‌ఓసీ అందనందున మీ దరఖాస్తు పెండింగులో ఉంది. ఆ ఒక్క వాక్యం నేను అంతకుముందు తిరిగిన ఏడాది తిరుగుడు కంటే ఎక్కువ పని చేసింది. మీరూ అలాగే మర్యాదగా, ఆరోపణ ఏదీ లేకుండా, కారణం అడుగుతూ రాయండి. జవాబు రాకపోతే రిజిస్టర్డ్ పోస్టులో మరోసారి పంపి, రసీదు, అక్‌నాలెడ్జిమెంటు కార్డు దాచుకోండి.

తరువాత ఒక నోటు పుస్తకం తీసుకుని తేదీల వారీగా రాయండి: ఏ తేదీన ఎవరు ఏ ధర చెప్పారు, ఎవరు సరుకు వేయనన్నారు, ఆ మాట ఎవరి ఎదుట అన్నారు. సంఘం సర్క్యులర్లు, సమావేశ తీర్మానాలు, ధరల పట్టికలు, చందా రసీదులు, ఇన్‌వాయిస్‌లు ఒక ఫైలులో వరుసగా పెట్టండి. ధర మార్పు ఆరోపణ అయితే కనీసం కొన్ని నెలల బిల్లులు కావాలి. ఒకే వారంలో నలుగురూ ఒకే మేరకు పెంచారని బిల్లులే చెప్పాలి తప్ప మీరు చెప్పకూడదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకండి. అసలు ఫోన్‌ను అమ్మకుండా, ఆ చాట్ చెరిపేయకుండా ఉంచండి, ఎందుకంటే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయవలసి వస్తుంది. ఒడియాలోనో తెలుగులోనో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం చేయించి, అసలు ప్రతి వెనుక పెట్టండి.

ఎదుటివారి కార్యాలయంలోకి వెళ్లి కాగితాలు ఎత్తుకురావడం, దొంగచాటుగా వారి ఫోన్ చూడటం వంటివి చేయకండి. సోదాలు చేయడం, పుస్తకాలు తెప్పించడం, సాక్షులను ప్రమాణం మీద విచారించడం కమిషన్ తరఫున విచారణ జరిపే డైరెక్టర్ జనరల్‌కు ఉన్న అధికారాలు. మీరు చూపవలసింది విచారణ మొదలుపెట్టడానికి సరిపోయేంత ఆధారమే.

ఐదవ మెట్టు: ఫిర్యాదు రాయడం, రుసుము కట్టి పంపడం

చట్టం దీన్ని ఫిర్యాదు అనదు, 'సమాచారం' అంటుంది. 19వ సెక్షన్ కింద ఏ వ్యక్తయినా, వినియోగదారుడైనా, వారి సంఘమైనా, వ్యాపార సంఘమైనా ఇవ్వవచ్చు. ఇచ్చేవాడు స్వయంగా నష్టపోయి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్పష్టం చేసింది. అంటే దుకాణదారుడికి భయంగా ఉంటే అతని తరఫున ఒక వినియోగదారుల సంఘం ముందుకు రావచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి మూడేళ్లలోపు ఇవ్వాలని 2023 సవరణ గడువు పెట్టింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ దాని మీద ఆధారపడకండి.

రాతలో మీ పేరు, చిరునామా, ఎదుటివారి పూర్తి వివరాలు, జరిగిన సంగతులు తేదీల వరుసలో, ఏ సెక్షన్ ఎలా ఉల్లంఘించారో, మీరు కోరే ఉత్తర్వు, జతపరచిన పత్రాల జాబితా, ఈ విషయమై మీ మధ్య కోర్టుల్లో కేసులుంటే వాటి వివరాలు ఉండాలి. చివర అన్నీ నిజమని సంతకంతో ధ్రువీకరించాలి. తెలిసి అబద్ధం రాస్తే జరిమానా పడుతుంది. విశేషణాలు తీసేయండి, 'దుర్మార్గంగా', 'గూండాయిజంతో' వంటి మాటల వల్ల ఒరిగేదేమీ లేదు. నా ఫిర్యాదు మొదటి ప్రతిలో అటువంటి మాటలు పేజీకి నాలుగైదు ఉండేవి. బరంపురంలోని లాయరు వాటన్నింటినీ కొట్టేసి, ప్రతి వాక్యం పక్కన 'ఏ కాగితం?' అని పెన్సిలుతో రాశారు. జవాబు చెప్పలేని వాక్యాలన్నీ తీసేశాక పద్దెనిమిది పేజీలు ఏడయ్యాయి. లాయరు తప్పనిసరి కాదు, కానీ ఒకసారి చదివించుకోవడం మంచిది.

రుసుము వ్యక్తికి రూ.5,000, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థకు, వినియోగదారుల సంఘానికి, సహకార సంఘానికి రూ.10,000. ఇతర సంస్థలకు టర్నోవరును బట్టి పెరుగుతుంది. కట్టే ముందు కమిషన్ వెబ్‌సైట్‌లో తాజా నిబంధనలు ఒకసారి చూసుకోండి. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, లేదా ఢిల్లీలో తూర్పు కిద్వాయ్ నగర్‌లోని కమిషన్ కార్యాలయానికి పంపవచ్చు. మీ పేరు బయటపెట్టవద్దని కోరుతూ, కారణాలతో ప్రత్యేకంగా అభ్యర్థన పెట్టే వీలుంది. అయితే చిన్న ఊళ్లో సంగతులు చదివితేనే మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని, ఆ స్థితికి సిద్ధపడే సంతకం చేయండి.

ఆరవ మెట్టు: పంపిన తరువాత

ప్రాథమికంగా విషయం ఉందని కమిషన్‌కు తోస్తే డైరెక్టర్ జనరల్‌ను విచారించమంటుంది. లేదనుకుంటే అక్కడితో ముగిస్తుంది. ముగించిన ఉత్తర్వు మీద 60 రోజుల్లోపు ఎన్‌సీఎల్‌ఏటీకి (జాతీయ కంపెనీ లా అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు) అప్పీలు చేసుకోవచ్చు. విచారణ నెలల్లో తేలేది కాదు. ఈలోపు వ్యాపారం మూతపడే ప్రమాదం ఉంటే 33వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. ఆధిపత్యం, అంటగట్టుడు వంటి కేసుల్లో ఎదుటివారు తమ పద్ధతి మార్చుకుంటామని కమిషన్ ముందు హామీ ఇచ్చి బయటపడే మార్గం 2023 సవరణతో వచ్చింది. అప్పుడు మీరూ అభ్యంతరాలు చెప్పవచ్చు, ఆ నోటీసును నిర్లక్ష్యం చేయకండి. పోటీదారుల కుమ్మక్కుకు ఈ సర్దుబాటు లేదు. తప్పు రుజువైతే టర్నోవరులో పది శాతం దాకా జరిమానా ఉంటుంది. కుమ్మక్కు అయితే అది సాగిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో పది శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు వేయవచ్చు.

మీరే ఆ సిండికేటులో ఉండి, ఇష్టం లేకపోయినా ధరల పట్టిక మీద సంతకం పెట్టినవారైతే మీకు మరొక దారి ఉంది. 46వ సెక్షన్ కింద అందరికంటే ముందుగా వెళ్లి పూర్తి నిజం చెప్పి, విచారణకు చివరిదాకా సహకరించిన వారికి జరిమానా మొత్తం కూడా తగ్గించవచ్చు. రెండవ స్థానంలో వెళ్లినవారికి తగ్గింపు తక్కువ. సంఘం సభ్యత్వం దానంతట అది తప్పు కాదు, సంఘాలు పన్నుల మీద వినతులివ్వవచ్చు, లైసెన్సు నియమాలు చర్చించుకోవచ్చు. సమావేశంలో ధర గురించో ఎవరికి సరుకు ఆపాలన్న దాని గురించో మాట వచ్చినప్పుడు లేచి, నేను దీనికి ఒప్పుకోవడం లేదని మినిట్స్‌లో రాయించి బయటికి రండి. ఊరికే మౌనంగా కూర్చుంటే సమ్మతించినట్టే లెక్కకొచ్చే ప్రమాదం ఉంది.

నష్టపరిహారం మాట చివరికి మిగిలింది. కమిషన్ తప్పని తేల్చిన తరువాత 53ఎన్ సెక్షన్ కింద ఎన్‌సీఎల్‌ఏటీకి విడిగా దరఖాస్తు చేసి, మీకు జరిగిన నష్టాన్ని అడగవచ్చు. అప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఆ నష్టం ఎంత, దానికి ఆధారమేమిటి అన్నదే. నేను తిరిగిన ఏడాదిలో ఖాళీ గోదాముకు కట్టిన అద్దె రసీదులు ఉన్నాయి గానీ, వచ్చి సరుకు లేదని వెనక్కి వెళ్లిన దుకాణదారుల ఆర్డర్లు నేను రాసిపెట్టుకోలేదు. మీరు మొదటి రోజు నుంచే రాసుకోండి: తేదీ, అడిగిన దుకాణం పేరు, మందు, ఎన్ని పెట్టెలు, ధర, ఎందుకు ఇవ్వలేకపోయారు. వీలైతే అడిగినవారి చేత పక్కనే సంతకం చేయించుకోండి.